హైమన్‌డార్ఫ్ దొర – గోండి వాచకం

విద్యార్థి సంఘం అమ్మాయిలు ఇంటికి వచ్చి సంచికకు ఏదైనా వ్రాసిపెట్టమని అడిగినప్పుడు, మామూలుగా అయితే ఏ మొల్లను గురించో, తరిగొండ వెంగమాంబను గురించో నాలుగు పేజీలు వ్రాసి ఇచ్చేసేదాన్ని. జీవితమంతా తెలుగు పాఠం చెప్పుకుని బ్రతికినదాన్ని, నాకది చేతి కింద పని. ఈసారి మాత్రం చాలా కాలంగా మనసులో నలుగుతున్న ఒక మనిషి కథ వ్రాద్దామనిపించింది. ఆయన తెలుగువాడు కాదు, కవి కాడు, భారతీయుడు కూడా కాదు. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రజ్ఞుడు, మన ఉస్మానియాలో ఆచార్యుడుగా పనిచేసినవాడు, క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. పేరు నోరు తిరగదు. ఆదిలాబాదు అడవుల్లో ముసలివాళ్ళు మాత్రం తేలికగా హైమన్‌డార్ఫ్ దొర అనేస్తారు.

ఆయన కథలోకి వెళ్ళే ముందు నా కథ కొంచెం చెప్పుకోవాలి. చెప్పకపోతే ఈ వ్యాసం ఎందుకు వ్రాశానో మీకు అర్థం కాదు.

కోఠీ కాలేజీలో చదువు పూర్తయిన తరువాత 1979లో నాకు మొదటి ఉద్యోగం ఆదిలాబాదు జిల్లాలో, ఉట్నూరు అవతల ఒక ఆశ్రమ పాఠశాలలో దొరికింది. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. ఒకటో తరగతిలో పిల్లలంతా గోండులే, ఇద్దరో ముగ్గురో కొలాములు. నా దగ్గర ఉన్నవల్లా ఒక తెలుగు వాచకం, కొన్ని బొమ్మల అట్టలు, ఒక బెత్తం. ఒకనాడు కుండలోంచి నీళ్ళు వంపుతున్న ఆడపిల్ల బొమ్మ చూపించి, ఇవేమిట్రా అని అడిగాను. ముందు వరుసలో కూర్చున్న పిల్లవాడు ఏర్ అన్నాడు. ఏరు అంటే వాగు, ఇవి నీళ్ళు అని దిద్దాను. మళ్ళీ అడిగితే మళ్ళీ ఏర్ అనే అన్నాడు. మూడోసారికి నాకు కోపం వచ్చింది. అరచేతి మీద ఒకటి తగిలించాను. వాడు ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఆ తరువాత నేను ఏ బొమ్మ చూపించినా వాడు నోరు విప్పలేదు. దీపావళికి దండారి ఆటలకని ఇంటికి వెళ్ళినవాడు మళ్ళీ బడికి రాలేదు. దండారికి వెళ్ళిన పిల్లలు చాలామంది ఆలస్యంగానే వస్తారు, కొందరు అసలు రారు. వాడు రాకపోవడానికి నా బెత్తమే కారణమని చెప్పలేను. కాదనీ చెప్పలేను.

గోండి భాషలో నీళ్ళను ఏర్ అంటారు. వాడు మూడుసార్లూ సరైన సమాధానమే చెప్పాడన్నమాట. మన ఏరుకూ వాళ్ళ ఏర్‌కూ ఉన్న చుట్టరికం ద్రావిడ భాషల పాఠంలో నేను పరీక్షకు బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్న విషయమే. బడిలో మాత్రం గుర్తుకు రాలేదు.

ఈ సంగతి నాకు తెలిసింది హైదరాబాదుకు తిరిగి వచ్చాక. కోఠీలో పాత పుస్తకాల దుకాణాల వెంట తిరగడం మాకు అప్పుడు అలవాటు. జూన్ నెల వస్తే సుల్తాన్ బజారు ఇరుకు సందుల్లో పిల్లల యూనిఫారాలకూ పుస్తకాలకూ తల్లులు కిటకిటలాడుతుంటారు గదా, అలాంటి ఒక సాయంత్రం, ఒక దుకాణంలో, హైమన్‌డార్ఫ్ 1982లో ప్రచురించిన ట్రైబ్స్ ఆఫ్ ఇండియా అనే పుస్తకం కనిపించింది. ఆదిలాబాదు పేరు చూసి కొన్నాను. ఆ రాత్రి చదువుతూ ఉంటే తెలిసింది. నేను బెత్తం పట్టుకు నిలబడిన ఆ అడవుల్లోనే, అంతకు 36 ఏళ్ళ ముందు, మార్లవాయి అనే గోండు గూడెంలో గోండి భాషలోనే అక్షరాలు నేర్పారు. గోండి వాచకాలు అచ్చువేశారు. గోండు పిల్లలకు గోండు పంతుళ్ళే పాఠం చెప్పారు. ఇదంతా జరిగి, ముగిసి, జనం మరచిపోయిన తరువాత నేను అక్కడికి వెళ్ళాను.

ఇక ఆయన సంగతి. 1909 జూన్ 22న వియన్నాలో పుట్టాడు. కలవారి కుటుంబం. వియన్నా విశ్వవిద్యాలయంలోనే మానవశాస్త్రం చదివి 1931లో డాక్టరేటు పుచ్చుకున్నాడు. ఆ తరువాత లండను వెళ్ళి, మలినౌస్కీ తరగతుల్లో కూర్చున్నాడు. ఏ జాతిని గురించి వ్రాయదలచుకున్నామో ఆ జాతి మధ్యకు వెళ్ళి, వాళ్ళ భాష నేర్చుకుని, నెలల తరబడి ఉండాలన్నది ఆ మహానుభావుడి బోధ. హైమన్‌డార్ఫ్ ఆ బోధను జీవితాంతం పాటించాడు. 1936లో నాగా కొండలకు వెళ్ళి కొన్యాక్ నాగాల మధ్య ఏడాది గడిపి, జర్మన్ భాషలో ఒక పుస్తకం వ్రాశాడు. 1939లో అది ఇంగ్లీషులో ద నేకెడ్ నాగాస్ అనే పేరుతో వచ్చింది. ఆ పేరు నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. మనిషిని ఒంటిమీద బట్ట ఉందా లేదా అని చూసి పరిచయం చేసే ఆ కాలపు అలవాటు అందులో ఉంది. ఆ రోజుల్లో ఐరోపావాళ్ళకు అలాంటి పేర్లుంటేనే పుస్తకం అమ్ముడుపోయేది కాబోలు.

1938లో బెట్టీ బర్నార్డో అనే ఇంగ్లీషు యువతిని పెండ్లాడాడు. ఆమె ఆయనకు భార్య మాత్రమే కాదు. ఆయన తిరిగిన కొండలన్నీ తిరిగింది, కొలతలూ లెక్కలూ వ్రాసుకుంది, ఆయన వెళ్ళలేని వంటిళ్ళలోకి వెళ్ళి ఆడవాళ్ళతో మాట్లాడింది. కొన్ని పుస్తకాల్లో పేరు పక్కనే ఆమె సహకారాన్ని పేర్కొన్నారు. పండితుల భార్యల పేర్లు సాధారణంగా ముందుమాట చివర కృతజ్ఞతల్లో ఒక మూలన ఉంటాయి. ఆ మాటకొస్తే మన తెలుగు పండితులు ఎందరు పాటిస్తారు ఈ మర్యాద?

1939లో దంపతులు మళ్ళీ భారతదేశానికి వచ్చారు. అంతలో యుద్ధం. ఆస్ట్రియాను 1938లోనే జర్మనీ కలిపేసుకుంది కనుక ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిషువారి దృష్టిలో శత్రుదేశీయుడు. అధికారులు మర్యాదగానే నిర్బంధించి, హైదరాబాదు సంస్థానం ఎల్లలు దాటకూడదని ఆంక్ష పెట్టారు. నిజాం ప్రభుత్వంలో రెవెన్యూ వ్యవహారాలు చూసే సర్ థియొడోర్ టాస్కర్ వంటివారి చలవ వల్ల, ఆ ఎల్లల లోపల పరిశోధన చేసుకోవడానికి వీలు కలిగింది. నాగా కొండల మీద మనసు పెట్టుకుని వచ్చినవాడికి మన తెలంగాణ అడవులు దక్కాయి.

మన అమ్మాయిలు ఒక సంగతి గమనించాలి. ఆ రోజుల్లో సంస్థానంలో బ్రిటిషు అధికారానికి నెలవు ఈ రెసిడెన్సీ భవనమే. 1800 దాటిన తొలి ఏళ్ళలో కిర్క్‌పాట్రిక్ కట్టించిన ఈ మేడలో 1947 వరకూ రెసిడెంటు దొర ఉండేవాడు. 1949లో కాని ఆడపిల్లల కాలేజీ ఇక్కడికి రాలేదు. మనం పరీక్ష ఫలితాల కోసం గుమిగూడిన ఆ పెద్ద స్తంభాల కింద, ఒకప్పుడు ఎవరు శత్రువు, ఎవరు మిత్రుడు అనే లెక్కలు నడిచాయి.

నిర్బంధమే ఆయనకు వరమయింది. 1940లో అమ్రాబాదు పీఠభూమి మీద, నల్లమలలో, చెంచుల మధ్య గడిపాడు. తరువాత గోదావరి ఒడ్డున పాపికొండల వైపు కొండరెడ్ల దగ్గరకు వెళ్ళాడు. చెంచుల మీది పుస్తకం 1943లోనూ, కొండరెడ్ల మీది పుస్తకం 1945లోనూ, ఆదిలాబాదు రాజగోండుల మీది పుస్తకం 1948లోనూ వెలువడ్డాయి. ఈ మూడింటిని గురించి వివరంగా వ్రాయడం నా పని కాదు, సోషియాలజీ వారు వ్రాస్తారు. నాకు కావలసింది గోండుల దగ్గర జరిగింది.

1940లో జోడేఘాట్ కొండల్లో కుమ్రం భీము తన మనుషులతో నిలబడి నిజాం పోలీసుల తుపాకులకు బలయ్యాడు. అది ఎందుకు జరిగిందో తెలుసుకోవలసిన అవసరం ప్రభుత్వానికి ఆ తరువాత కలిగింది. హైమన్‌డార్ఫ్ గోండుల మధ్యకు వెళ్ళి చూసి చెప్పినది కొత్త రహస్యమేమీ కాదు. అడవిని రిజర్వు అని గీత గీశారు, గీతలోపల పడిన గూడేలను ఖాళీ చేయించారు. బయటినుంచి వచ్చిన షావుకార్లూ దేశ్‌ముఖులూ పట్టాలు వ్రాయించుకున్నారు. తాతలనాటినుంచి దున్నుకుంటున్న గోండు చేతిలో కాగితం లేదు. ఉన్నా అందులో ఏముందో చదవలేడు. వేలిముద్ర వేసిన చోట ఏం వ్రాసి ఉందో తెలియక పొలం పోగొట్టుకున్నవాళ్ళు ఊరూరా ఉన్నారు. ఈ వేలిముద్ర దగ్గరే ఆయనకు బడి ఆలోచన పుట్టిందని నా నమ్మకం. బస్తర్ గోండుల మీద 1938లోనే పుస్తకం వ్రాసిన గ్రిగ్సన్ అప్పుడు నిజాం ప్రభుత్వంలో రెవెన్యూ మంత్రి. చెప్పిన మాట వినే చెవి అలా దొరికింది. భూమి పంపిణీ మొదలయి, 1949 నాటికి ఆదిలాబాదులో పదకొండు వేల పైచిలుకు గిరిజన కుటుంబాలకు 1,60,000 ఎకరాలు పట్టా అయ్యాయి. ఈ పట్టాలన్నీ నిలబడలేదు, అది వేరే దుఃఖం.

మార్లవాయిలో దంపతులు గూడెం మధ్యనే గుడిసె వేసుకుని ఉన్నారు. గోండి నేర్చుకున్నారు. పర్ధానులు కింగ్రి వాయిస్తూ రాత్రంతా చెప్పే దేవతల కథలు కూర్చుని వ్రాసుకున్నారు. గోండులు తమను కోయితూర్ అని చెప్పుకుంటారు. దేవుళ్ళ సంఖ్యను బట్టి నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ళవాళ్ళుగా వంశాలు ఏర్పడ్డాయి. గుహలో బందీలయిన గోండు దేవుళ్ళను పహండి కుపార్ లింగల్ విడిపించి తెచ్చిన కథ వాళ్ళకు మన రామాయణం అంతటిది. ఇవన్నీ నోటి మీద ఉన్నాయి.  అంటే బడిలోకి వచ్చేసరికి లేనట్టే లెక్క.

1943లో మార్లవాయిలో గోండు విద్యా పథకం మొదలయింది. మొదటి చిక్కు పంతుళ్ళు. చదువుకున్న గోండులే లేకపోతే గోండు పంతుళ్ళు ఎక్కడినుంచి వస్తారు? పట్నంనుంచి పంతులును పంపితే ఏమవుతుందో నా కథలోనే విన్నారు. అందుకని కాస్తో కూస్తో మరాఠీ అక్షరాలు తెలిసిన గోండు యువకులను వెతికి తెచ్చి, మార్లవాయిలోనే తరిఫీదు ఇచ్చారు. చదివినవాడు పక్క గూడెంలో పంతులయ్యాడు, వాడి దగ్గర చదివినవాడు ఇంకొక గూడెంలో. దీపంనుంచి దీపం వెలిగించినట్టే అనుకోండి, కాకపోతే నూనె సర్కారుది.

రెండో చిక్కు పుస్తకం. లిపి ఏది వాడాలన్న ప్రశ్న వచ్చింది. దేవనాగరిని ఎంచుకున్నారు. తెలుగు పాఠకులకు ఇక్కడ కాస్త మనసు చివుక్కుమనవచ్చు. కానీ అప్పటి ఆదిలాబాదు గోండులకు సంతలోనూ ఊళ్ళోనూ ఎక్కువ వాడుక మరాఠీయే. సంస్థానపు కచేరీ భాష ఉర్దూ. కనుక గోండితో మొదలుపెట్టి, అదే లిపిలో మరాఠీకి నడిపించి, పైతరగతుల్లో ఉర్దూ నేర్పాలని ఏర్పాటు. ముందు గోడమీద వేలాడేసే అక్షరాల అట్టలు, తరువాత మొదటి వాచకం, ఆ తరువాత గోండుల కథలూ పురాణగాథలూ చేర్చిన వాచకాలు తయారయ్యాయి. హైదరాబాదు సివిల్ సర్వీసులో ఉండి గోండి నేర్చుకుని, తరువాత ఆ భాషకు వ్యాకరణం కూడా వ్రాసిన సేతు మాధవరావు పగ్డీ ఆదిలాబాదులో ఈ పనులకు కొండంత అండ.

ఇది ఎంత పెద్ద సంగతో పంతులు పని చేసినవాళ్ళకు తెలుస్తుంది. పిల్లవాడు పుస్తకం తెరిచి మొదటి మాట చదువుతాడు. అది రోన్. వాడి ఇల్లు. తరువాత నై, వాడి కుక్క. కోర్, వాడి పెరట్లో తిరిగే కోడి. పేన్, వాడి దేవుడు. నేను ఆ వాచకాల్లోని పాఠం చెప్పడం లేదు సుమా, గోండి మాటలు చెబుతున్నాను. అమ్మ నోట విన్న మాట అక్షరమయి కాగితం మీద కనిపిస్తే పిల్లవాడి మొహం ఎలా వెలుగుతుందో, తెలుగు పిల్లల్లో వేయిసార్లు చూశాను. మొదటి అ దగ్గరే అమ్మ వస్తుంది మనకు. అదే వెలుగు గోండు పిల్లల మొహాల మీద చూసే అదృష్టం నాకు లేకపోయింది.

మనం చిన్నప్పుడు చదువుకున్న పుస్తకాలు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. చందమామ 1947నుంచి వచ్చింది, మన ఇళ్ళలో దానికోసం తగవులాడుకోని పిల్లలు లేరు. అడవి మనిషి అనగానే నా కళ్ళకు కట్టే బొమ్మ ఏమిటంటే, తలలో ఈక, చేతిలో బల్లెం, రాజకుమారుణ్ణి చెట్టుకు కట్టేసే మూక. లేకపోతే మూలికలమ్మే కోయదొర. అతనికి ఇల్లూ పిల్లలూ ఉంటారని, ఆ పిల్లలు కూడా ఈ పుస్తకం చదవవచ్చునని మాకు ఎవ్వరూ చెప్పలేదు. పిల్లలకోసం వ్రాస్తూనే, పెద్దల కథల్లో సుగాలీ కుటుంబం, చెంచురాణి వంటివి వ్రాసిన చింతా దీక్షితులుగారి వంటివారు ఒకరిద్దరు లేకపోలేదు. బడి వాచకం మాత్రం అటు చూడలేదు. అమెరికాలో నాన్సీ లారిక్ అనే ఆవిడ 1965లో ఒక వ్యాసం వ్రాసింది. మూడేళ్ళలో అచ్చయిన అయిదు వేల పైచిలుకు పిల్లల పుస్తకాలను లెక్కవేస్తే, నల్లజాతివాళ్ళు ఒక్కరైనా కనిపించేవి 6.7 శాతమేనని తేలింది. దేశమంతా గగ్గోలయింది. పిల్లల పుస్తకాల్లో ఎవరున్నారు, ఎవరు లేరు అన్న చర్చకు అదే మొదలని చాలామంది చెబుతారు. మార్లవాయి వాచకాలు అంతకు ఇరవై ఏళ్ళ ముందువి.

ఇప్పుడు సుల్తాన్ బజారు సంగతి చెప్పాలి, ఇది చెప్పడానికే నాకు కొంచెం కష్టంగా ఉంది. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఎందుకు పెట్టారు? సంస్థానంలో సగానికి దగ్గరగా ఉన్న తెలుగువాళ్ళకు తమ భాషలో చదువుకునే చోటు లేక. కచేరీ ఉర్దూ, బడి ఉర్దూ, 1918లో వచ్చిన విశ్వవిద్యాలయం ఉర్దూ. 1921లో ఇక్కడికి నాలుగడుగుల దూరంలో ఉన్న వివేకవర్ధని థియేటరులో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోతే సభ గోలచేసి కూర్చోబెట్టింది. ఆ అవమానంతోనే ఆ రాత్రి ఆంధ్ర జనసంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావుగారు 1928లో ఆడపిల్లలకు తెలుగు బడి పెట్టి ఎన్ని అగచాట్లు పడ్డారో నారాయణగూడ వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. మా అమ్మ ఆ బడిలో చదివిన మనిషే. తన భాషలో చదువుకోవడం ఎంత గొప్పో ఆమె మాకు అన్నం పెడుతూ చెప్పేది.

ఇంత పడి గెలిచిన మనం ఏం చేశాం? 1956లో రాష్ట్రాలు మారాయి. రాజూరా, కిన్వట్ తాలూకాలు బొంబాయి రాష్ట్రంలోకి పోయి, గోండులు రెండు ముక్కలయ్యారు. మిగిలిన ఆదిలాబాదుకు బడిభాష తెలుగయింది. దేవనాగరిలో అచ్చయిన గోండి వాచకాలకు ఇక పనిలేదు. మరాఠీ, ఉర్దూ నేర్చి పంతుళ్ళయిన గోండులకు తెలుగు రాదు కనుక వాళ్ళకూ పనిలేదు. వాళ్ళ చోటికి తెలుగు వచ్చిన పంతుళ్ళు వచ్చారు. కొందరు అడవికి వెళ్ళనే వెళ్ళక జీతం తీసుకున్నారు, కొందరు వెళ్ళి నాలాగా బెత్తం పట్టుకున్నారు. వివేకవర్ధనిలో వేంకటరామారావుగారిని కూర్చోబెట్టినవాళ్ళను మనం నూరేళ్ళుగా తిట్టుకుంటున్నాం. ఆ బడిలో ఆ పిల్లవాణ్ణి కూర్చోబెట్టింది నేను. ఎవరూ దురుద్దేశంతో చేసింది కాదని వాదించవచ్చు. ఆ సభలోవాళ్ళు కూడా అదే అనుకుని ఉంటారు.

హైమన్‌డార్ఫ్‌ను దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. ఆయన సర్కారు మనిషి. భీమును కాల్చిన ప్రభుత్వమే ఆయనకు జీతమిచ్చింది. గోండులకు ఏది మంచిదో ఆయనా గ్రిగ్సనూ కలిసి నిర్ణయించారు, గోండుల సభ పెట్టి అడిగి కాదు. కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు పెట్టి అధికారులు గోండుల మొరలు వినే పద్ధతి ఆయన చలవేనని చెబుతారు. మంచిదే, కానీ దర్బారన్నాక ఒకరు కుర్చీలోనూ ఒకరు కిందా ఉండక తప్పదు. ఏమాటకామాటే, వాచకం విషయంలో మాత్రం ఆయన చేసింది వేరు. తన భాష వాళ్ళకు నేర్పలేదు. వాళ్ళ భాషలో వాళ్ళ మనుషులచేతనే చెప్పించాడు. నిర్బంధంలో పడి పరాయి దేశంలో ఇరుక్కున్నవాడికి, ఊరి మధ్య ఉండి కూడా పరాయివాడు కావడమంటే ఏమిటో తెలిసి ఉంటుందని నేననుకుంటాను. ఇది నా ఊహ.

1944లో ప్రభుత్వం ఆయనను ఈశాన్య సరిహద్దుకు, సుబన్‌సిరి లోయలోని అపాతానీల దగ్గరకు పంపింది. 1945లో తిరిగి వచ్చి నిజాం ప్రభుత్వానికి గిరిజన, వెనుకబడిన తరగతుల సలహాదారుగానూ, ఉస్మానియాలో ఆచార్యుడుగానూ పనిచేశాడు. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, 1949లో, లండను విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన శాఖలో చేరి, 1951లో ప్రొఫెసరయి, 1976లో రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు. నడుమ నేపాలు వెళ్ళి షెర్పాల మీద వ్రాసిన పుస్తకం 1964లో వచ్చింది. వేలకొద్దీ ఫోటోలు, బోలెడంత సినిమా ఫిల్ము మిగిల్చిపోయాడు.

రిటైరయిన మనిషి ఇంట్లో కూర్చోకుండా, పాత చోట్లన్నీ మళ్ళీ చూడ్డానికి భార్యతో కలిసి వచ్చాడు. మార్లవాయికీ వచ్చాడు. తాను ఇప్పించిన భూములు మళ్ళీ చేతులు మారడమూ, తాను పెట్టించిన బడుల్లో గోండు పంతుళ్ళు కరవవడమూ చూశాడు. ఆ దిగులంతా నేను కోఠీలో కొన్న పుస్తకంలో ఉంది. ఆయన ఆదిలాబాదులో తిరుగుతున్న కాలంలోనే నేను అక్కడ ఉద్యోగం చేస్తున్నాను. ఎదురుపడలేదు. ఎదురుపడితే మాత్రం ఏం మాట్లాడేదాన్ని, అప్పటికి నాకు ఏమీ తెలియదు.

1987 జనవరిలో బెట్టీ హైదరాబాదులోనే కన్నుమూసింది. ఆమెను మార్లవాయికి తీసుకువెళ్ళి గోండుల మధ్య సమాధి చేశారు. ఆయన 1995 జూన్ 11న లండనులో చనిపోయాడు. తరువాత ఆయన అస్థికలు కూడా వచ్చి ఆ పక్కనే చేరాయి. ఏటా జనవరి 11న ఊరివాళ్ళు అక్కడ కూడి ఇద్దరినీ తలుచుకుంటారు. ఉద్యోగం నుంచి దిగిన తరువాత నేనూ ఒకసారి వెళ్ళివచ్చాను. రెండు సమాధులు, పసుపూ కుంకుమా, పూలు. అంతకన్నా ఏమీ లేవు. బడిపిల్లలు తెలుగు వాచకాలు సంచుల్లో పెట్టుకుని ఆ పక్కనుంచే పోతున్నారు.

తరువాత ఏమీ జరగలేదని కాదు. 2004లో ఉమ్మడి రాష్ట్రం గోండి, కోయ, కొలామీ, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా భాషలు ఎనిమిదింటిలో ఒకటో తరగతినుంచి చదువు మొదలుపెట్టింది. ఈసారి తెలుగు లిపిలో. మంచి ప్రయత్నం. ఆ తరువాత ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామంలో గోండి సొంత లిపిలో వ్రాతప్రతులే బయటపడ్డాయి. జయధీర్ తిరుమలరావుగారు మొదలైనవారు వాటి వెంటపడి పనిచేశారు. ఆ లిపిలో పిల్లలకు వాచకం వచ్చింది. 2018లో కంప్యూటర్ల యూనికోడ్‌లో కూడా దానికి చోటు దొరికింది. ఈ లిపి సంగతి 1943లో మార్లవాయిలో తెలిసి ఉంటే దేవనాగరి గొడవే ఉండకపోను.

నాకు మిగిలిన కోరిక ఒకటుంది. ఆ మార్లవాయి గోండి వాచకాన్ని కళ్ళతో చూడాలి. భాషానిలయంలో అడిగాను, మన కాలేజీ గ్రంథాలయంలో అటకమీది కట్టలు కూడా దింపించాను, దొరకలేదు. పిల్లలు చదివిన పుస్తకాలు గ్రంథాలయాల్లో కంటే ఇళ్ళలోనే ఎక్కువ మిగులుతాయి. ఆదిలాబాదు, ఆసిఫాబాదు వైపునుంచి వచ్చిన విద్యార్థినులు మన హాస్టల్లో ఉన్నారు. సెలవులకు ఇళ్ళకు వెళ్ళినప్పుడు, తాతల పాత పెట్టెల్లో పట్టా కాగితాల మధ్య, దేవనాగరి అక్షరాలతో పలచని పాత పుస్తకం ఏదైనా కనిపిస్తే, తెలుగు శాఖలో ఒక మాట చెప్పండి. తెచ్చి ఇవ్వనక్కరలేదు. నేనే ఆ ఊరికి వచ్చి చూసుకుంటాను.